వల దగ్గర ఊఁ కొట్టింది ఎవరు?

ముందే చెబుతున్నాను, ఇది అల్లి చెప్పే కథ కాదు. నా ఉద్యోగమే అలాంటిది మరి. చూడని పిట్టను చూశానని చెప్పకూడదు. వినని కూతను విన్నానని చెప్పకూడదు. అనుమానం వస్తే 'తెలియదు' అని ఊరుకోవాలి. ఆ అలవాటు నా ఒంటికి పట్టేసింది. కాబట్టి ఆ సాయంత్రం జరిగింది జరిగినట్టే చెబుతాను. తెలియని చోట తెలియదనే అంటాను. మధ్యలో నవ్వొస్తే నవ్వుకోండి. నాకూ వస్తుంది. నవ్వుతూ ఉండగానే... ఇదిగో, ఇలా చేతి మీద వెంట్రుకలు లేచి నిలబడతాయి. చూడండి కావాలంటే.

నా పేరు హేమ. మాది బంగారుపాళ్యం పక్కన ఒక పల్లె. మామిడి తోపుల్లో పుట్టి పెరిగినదాన్ని. ఇప్పుడు ఉండేది మాత్రం పులికాట్ సరస్సు ఒడ్డున. సూళ్లూరుపేటలో బస్సు దిగి, ఆటో ఎక్కి, ఆటో కూడా పోలేని చోట దిగి నడిస్తే మా పక్షుల పరిశీలన కేంద్రం వస్తుంది. కేంద్రం అంటే పెద్ద భవనం అనుకునేరు. మూడు గదులు, రేకుల కప్పు, మిద్దె మీద టెలిస్కోపు పెట్టుకునే ఒక గూడు. అంతే. ఊళ్ళోవాళ్ళు 'పిట్టలాఫీసు' అంటారు. మాకూ ఆ పేరే ఇష్టం.

మా పని ఏమిటంటే, సరస్సు మీదికి వచ్చే పక్షుల్ని చూడటం, లెక్కపెట్టడం. అప్పుడప్పుడు చీకటి పడే వేళకు వల కట్టి ఒడ్డు బురదలో పురుగులు ఏరుకునే చిన్న చిన్న ఉల్లంకి పిట్టల్ని పట్టుకుంటాం. కాలికి సన్నటి రేకు ఉంగరం తొడిగి, బరువు చూసి, వెంటనే వదిలేస్తాం. మళ్ళీ ఎక్కడో ఎవరికో అది కనిపిస్తే, ఎంత దూరం ఎగిరిందో తెలుస్తుంది. మా నాయనకు ఇది ఎంత చెప్పినా ఎక్కేది కాదు.

"అంటే... పిట్టలకి కడియాలేసే ఉద్యోగమా?" అనేవాడు ఫోన్లో.

"అట్లే అనుకో నాయనా."

"జీతమిస్తారా దానికి?"

"ఇస్తారు నాయనా."

"ఎవురో పిచ్చోళ్ళు మాదిరి ఉండారే!"

ఆ నాయనే ఒకరోజు పొద్దున్నే చెప్పాపెట్టకుండా దిగాడు. భుజాన ఒక సంచి నిండా రాగిపిండి. చేతిలో గోనె చుట్టిన బెల్లం అచ్చులు. దిగీ దిగగానే అసలు సంగతి చెప్పేశాడు. బంగారుపాళ్యంలో మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో కంప్యూటరు పని ఉంది, తెలిసినాయన మాటిచ్చాడు, నేను ఊఁ అంటే చాలు.

"ఇంటికాడ్నే ఉండొచ్చు పాపా. ఈ ఎడారిలో ఏముండాది నీకు? నీళ్ళు, గాలి, కొంగలు!"

రెండు రోజులు ఉండి చూసిపో అన్నాను. ఆ రోజు గాలి అలా ఇలా లేదు.

మా దగ్గర గాలి అంటే ఎలా ఉంటుందో చెప్పాలి మీకు. తలుపు ఒకరు తీయాలి, ఇంకొకరు పట్టుకోవాలి. టెలిస్కోపు కాళ్ళకు ఇటుకలు వేలాడదీయాలి. అన్నంలో ఇసుక, సాంబారులో ఇసుక, చెవుల్లో ఇసుక. రేకుల కప్పు టపటపమని కొట్టుకుంటూ ఉంటే పక్కనున్నవాళ్ళతో కూడా అరిచి మాట్లాడాలి. ఆ పొద్దున్న దేవకుమార్ లుంగీ తీగ మీదినుంచి లేచి, గాలిపటంలాగా వెళ్ళి సర్కారు తుమ్మ మీద వాలింది. దేవకుమార్ నాతో పనిచేసే అబ్బాయి. చిత్తూరు టౌను వాడు. చర్చిలో పాటలు పాడే గొంతు. వాడు తువ్వాలు చుట్టుకుని లుంగీ వెనక పరిగెత్తుతుంటే మా నాయన పొట్ట పట్టుకుని నవ్వాడు. అలా ఇద్దరికీ స్నేహం కుదిరిపోయింది. కాసేపటికే వాడు 'పెదనాయనా' అంటున్నాడు, ఈయన 'దేవా' అంటున్నాడు.

మధ్యాహ్నం నాయనను మిద్దె మీదికి తీసుకెళ్ళి టెలిస్కోపులో ఫ్లెమింగోల్ని చూపించాను. గాలి వచ్చేటప్పుడు అవి అన్నీ ఒకే వైపు తిరిగి, గాలికి ఎదురుగా నిలబడతాయి. బడిలో ప్రార్థనకు నిలబడ్డ పిల్లల్లాగా. నాయన కన్ను ఆనించి చాలాసేపు కదల్లేదు.

"ఓయబ్బా... ముక్కు సూడు పాపా, గరిటె వంచినట్టుండాది! తలకాయ తిరగేసి తింటాదేంది?"

"అది అట్లే తింటాది నాయనా. బురదనీళ్ళు వడకట్టి తింటాది."

"ఎన్ని ఉండాయి ఇవి?"

"అదే కదా నా ఉద్యోగం."

ఆయన నా వైపు చూశాడు. మళ్ళీ కన్ను టెలిస్కోపుకు ఆనించాడు. ఫ్యాక్టరీ మాట మళ్ళీ ఎత్తలేదు. అప్పటికి.

సాయంత్రానికి గాలి పడిపోయింది. ఆకు కదలడం లేదు. ఫోన్లో చూస్తే తెల్లారేదాకా ప్రశాంతంగా ఉంటుందని చూపిస్తోంది. కేంద్రం చూసుకునే మా సార్ కుటుంబంతో తిరుమలకు వెళ్ళి ఉన్నారు. వలల బాధ్యత మొదటిసారి నాకు అప్పగించి వెళ్ళారు. నేను, దేవకుమార్ పొద్దు వాలుతుండగానే బయల్దేరి, కాలువ దాటి, అవతల ఇసుక కట్ట మీద వలలు కట్టి వచ్చాం. మడమలు తడిసేంత నీళ్ళే కాలువలో. వల అంటే చేపల వల కాదు. నల్ల దారంతో అల్లిన సన్నటి వల. వెదురు కర్రల మధ్య కడితే, చీకట్లో మనిషికే కనపడదు. పిట్ట వచ్చి తగిలి, కింది మడతలో మెత్తగా పడుతుంది. మాటిమాటికీ వెళ్ళి చూసి, విడిపించి, గుడ్డసంచిలో పెట్టి తేవాలి.

ఒకటే ఒక కచ్చితమైన నియమం. గాలి లేస్తే వల చుట్టేయాలి. ఆలస్యం చేస్తే పిట్ట దారాల్లో మెలిపడిపోతుంది. రెక్కలు విరుగుతాయి. పైగా మా సరస్సు లోతు తక్కువ. గాలి నీళ్ళను ఒక పక్కకు తోసేస్తుంది. ఆ నీళ్ళు కట్ట మీదికి వచ్చాయంటే... వలలో ఉన్నవి మునిగిపోతాయి.

మొదటిసారి వెళ్ళి చూశాం. ఏమీ పడలేదు. వెనక్కి వచ్చాం. నాయన అప్పటికి రాగి సంగటి కెలికి, వేరుసెనగ పచ్చడి నూరి, బెల్లం ముక్క పక్కన పెట్టి కూర్చుని ఉన్నాడు. గబగబా నాలుగు ముద్దలు తిని మళ్ళీ పోదామని కూర్చున్నాం. తినేటప్పుడు నాయన కథ మొదలుపెట్టాడు. మా ఇంట్లో ఇది రివాజు. కథ చెప్పేది ఆయన, ఊఁ కొట్టేది మేము. ఊఁ కొట్టడం ఆపితే కథ ఆపేస్తాడు. ఎంత బతిమాలినా మళ్ళీ చెప్పడు.

"మనూర్లో ఎర్రప్ప అని ఒకడుండె."

"ఊఁ," అన్నాం ఇద్దరం.

"పుంగనూరు సంతలో ఎద్దును కొన్నాడు. అమ్మినోడు డబ్బులు తీసుకోని, ఆఖర్న చెప్పినాడంట. అన్నా, ఈ ఎద్దుకి ఒక గుణముండాది. కథ చెప్తా ఉంటేనే నడుస్తాది. నిలిపితే నిలబడిపోతాది."

"ఊఁ..."

"ఎర్రప్ప నవ్వినాడు. తోక మెలేసినాడు. కదల్లా. కట్టెతో తట్టినాడు. కదల్లా. ఇంగేం చేస్తాడు? అనగనగా ఒక రాజు అన్నాడు. ఎద్దు నడిచింది! సరే, చెప్పుకుంటా చెప్పుకుంటా వస్తా ఉండాడు. పలమనేరు వచ్చేతలికి వాడికి తెలిసిన కథలన్నీ ఐపోయినాయి..."

దేవకుమార్ ఊఁ అనబోయాడు. అంతలో రేకుల కప్పు ధన్‌మని మోగింది.

ఒక్క దెబ్బ. తర్వాత ఇంకొకటి. తర్వాత కరెంటు పోయింది. తలుపు దానంతటది తెరుచుకుని గోడకు కొట్టుకుంది. ఇల్లంతా గాలి.

"అక్కా... వలలు!"

చేయి కూడా కడుక్కోలేదు. నుదుటికి లైట్లు కట్టుకుని పరిగెత్తాం. "నువ్వు ఈడ్నే ఉండు నాయనా!" అని అరిచాను. వినపడిందో లేదో తెలియదు.

కాలువ దగ్గరికి వచ్చేసరికి సంగతి మారిపోయి ఉంది. మడమల లోతు ఉన్న నీళ్ళు నడుము దాకా ఉన్నాయి. నల్లగా, సుడి తిరుగుతూ. దేవకుమార్ ఒక కాలు పెట్టి తీసేశాడు. "లాగేస్తా ఉండాదక్కా. దాటలేం." ఇక చుట్టూ తిరిగి పోవాలి. సర్కారు తుమ్మల మధ్య దారి. ఎంత పరిగెత్తినా చాలాసేపు పడుతుంది. ఆ చాలాసేపు వలలో ఏమవుతుందో నాకు తెలుసు. నేను వేసిన వలలు. అరిచేతిలో పట్టేంత పిట్టలు. ఎక్కడో మంచు దేశాల నుంచి ఎగిరి వచ్చినవి...

అప్పుడు ఏడుపొచ్చి, అవతలి గట్టు వైపు గట్టిగా అరిచాను. ఎవరైనా జాలర్లు ఉంటారేమోనని.

"ఎవురైనా ఉండారా ఆడా?"

గాలి.

"ఎవురప్పా ఆడా... ఉండారా?"

గాలి... గాలి... తర్వాత...

"ఊఁ."

వినపడింది. స్పష్టంగా. నోరు తెరవకుండా, నింపాదిగా. ఎంతో దగ్గర కూర్చుని వింటున్న మనిషి అన్నట్టు. ఇంత గాలిలో ఎదుటి గట్టు మీది మనిషి గొంతు చించుకుని అరిచినా వినపడదు. అది అరుపు కాదు. ఊరికే... "ఊఁ".

దేవకుమార్ నా చేయి పట్టుకున్నాడు. "మీకూ వినపడిందా అక్కా?"

"వినపడింది. ఎవరో ఉన్నారు. అన్నా! ఆ వలలు చుట్టేయండన్నా! పిట్టలుండాయి!"

"ఊఁ."

అదే గొంతు. ఆడదో మగదో చెప్పలేను. ముసలిదో పిల్లదో కూడా. ఇంతలో వెనక నుంచి చప్‌చప్‌మని అడుగులు. ఇద్దరం ఎగిరి పడ్డాం. నాయన! పంచె పైకెగ్గట్టి, చేతిలో కర్రతో.

"నాయనా, ఊఁ అన్నది నువ్వా?"

"నేనిప్పుడే గదా వస్తా ఉండా. ఏం ఊఁ?"

చెప్పే ఓపిక లేదు. ముగ్గురం తుమ్మల దారి పట్టాం. ముళ్ళు గీరుతున్నాయి. ఇసుక సూదుల్లాగా ముఖానికి కొడుతోంది. ఒక తీతువు పిట్ట నెత్తి మీదుగా అరుచుకుంటూ పోయింది. అది అరిస్తే కీడు అంటారు. నేను వందసార్లు బడిపిల్లలకు చెప్పాను, అదంతా వట్టిదని, పాపం దాని గూడు కాపాడుకోవడానికి అరుస్తుందని. ఆ రోజు మాత్రం నాకు నేనే చెప్పుకోవాల్సి వచ్చింది.

కట్ట మీదికి చేరాం. నీళ్ళు అప్పటికే కట్ట అంచును నాకుతున్నాయి. వెదురు కర్రలు విల్లుల్లాగా వంగి ఊగుతున్నాయి. నేను కళ్ళు మూసుకుని తెరిచాను. చూడాలంటే భయం.

వలలు చుట్టేసి ఉన్నాయి.

మొదటిది... చుట్టి, గుడ్డపీలికతో ముడులు వేసి ఉంది. రెండోది అంతే. మూడోది అంతే. ఈ కొస నుంచి ఆ కొస దాకా, కర్ర చుట్టూ తాడు చుట్టినట్టు బిగువుగా. మా సార్ కూడా అంత పొందిగ్గా చుట్టలేరు.

"అక్కా... ఇట్ల రాండి..."

గాలి తగలకుండా మేము తాటాకులతో ఒక దడి కట్టుకుని ఉన్నాం. దాని చాటున బకెట్‌లో ఖాళీ గుడ్డసంచులు పెట్టి వచ్చాం. ఇప్పుడు బకెట్ ఖాళీ. సంచులన్నీ దడి వెదురుకు వరసగా వేలాడుతున్నాయి. మూతి తాడు బిగించి, ముడివేసి. ఒక్కో సంచి అడుగున చిన్న బరువు. నేను ఒకదాన్ని కింది నుంచి అరచేత్తో పట్టుకున్నాను. లోపల... టుక్... టుక్... టుక్... గుండె కొట్టుకుంటోంది.

"బతికుండాది దేవా!"

"ఇదీ బతికుండాదక్కా! ఇది గుడ్డలోంచే పొడస్తా ఉండాది!"

ఆ క్షణంలో ఎవరు చేశారన్నది మాకు పట్టనేలేదు. నిజం చెబుతున్నాను. ఆ చీకట్లో, ఆ గాలిలో, ఇద్దరం పిల్లల్లాగా గెంతాం. దేవకుమార్ స్తోత్రం స్తోత్రం అని అరుస్తున్నాడు. నేను ఏడుస్తున్నాను, నవ్వుతున్నాను. నాయన తువ్వాలుతో నా ముఖం తుడిచి, "ముందు పని కానీ పాపా" అన్నాడు.

ఆ గాలిలో ఉంగరాలు వేయడం కుదరదు. వదిలేయడమే. దడి చాటున మోకాళ్ళ మీద కూర్చుని, ఒక్కో సంచి విప్పి, ఒక్కో పిట్టను తీసి, రెక్కలు చూసి, అరచేతిలో నిలబెట్టాలి. తేరుకుని అదే ఎగురుతుంది. అప్పుడు... చేతులకు పని దొరికాక... బుర్రకు ఆలోచన వచ్చింది.

ఎవరు చేశారు? చేసినవాళ్ళు ఏరి?

లైటు చుట్టూ తిప్పాను. కట్ట అంతా ఖాళీ. ఒక పక్క నీళ్ళు, ఒక పక్క చీకటి. దాక్కోవడానికి ఒక పొద కూడా లేదు.

"అన్నా... ఉన్నారా?" అంది నా గొంతు. నాకే వినపడనంత చిన్నగా.

"ఊఁ."

దడికి అవతలి వైపు. తాటాకు అడ్డం అంతే.

దేవకుమార్ చేతులు వణకడం మొదలుపెట్టాయి. పిట్టను పట్టుకున్న చేయి వణకకూడదు. నా చేతులూ అంతే. అది నాయన చూశాడు. ఆయన మా ఇద్దరి మధ్య ఇసుకలో కూలబడి, కర్ర పక్కన పెట్టి, గొంతు సవరించుకున్నాడు.

"యాడ నిలిపినా నేను? ఆఁ... పలమనేరు. ఎర్రప్పకి కథలన్నీ ఐపోయినాయి."

"నాయనా, ఇప్పుడా!"

"నువ్వు పిట్టను సూడు. నేను కథ సూసుకుంటా. కథలన్నీ ఐపోయినాయి. ఎద్దు నిలబడిపోయింది."

మేము ఊఁ కొట్టలేదు. కొట్టే స్థితిలో లేము.

"ఊఁ," అంది దడి అవతల.

నాయన ఒక్క క్షణం ఆగాడు. నా వైపు చూశాడు. లైటు వెలుతురులో ఆయన కళ్ళు పెద్దవి కావడం చూశాను. మళ్ళీ మామూలుగా అయిపోవడమూ చూశాను. గొంతు తగ్గించి అన్నాడు. "ఎవురో ఊఁ కొడ్తా ఉండారు. నిలిపితే బాగుండదు."

చెప్పాడు. నేను వింటూ ఉన్నాను, పిట్టల్ని వదులుతూ ఉన్నాను.

"అప్పుడు ఎర్రప్ప ఏం చేసినాడు? ఇంగ కథలేడ తెచ్చేది అని, సొంత ముచ్చట్లు మొదలుపెట్నాడు. చిన్నప్పుడు ఎవురి తోట్లో దొంగతనం చేసింది..."

"ఊఁ."

"పెండ్లికి ముందు ఎవుర్ని సూసి వద్దనింది..."

"ఊఁ."

"మొగిలి కనుమ దిగేతలికి అయీ ఐపోతా ఉండాయి. ఇంగ పెండ్లాము దగ్గర దాచిపెట్టిన సంగతులకొచ్చినాడు..."

"ఊఁ..."

ఇది ఎలా చెప్పాలో నాకు తెలియడం లేదు. ఆ ఊఁ సరిగ్గా రావాల్సిన చోటే వస్తోంది. ముందూ కాదు, వెనకా కాదు. కథ ఉత్సాహంగా ఉన్న చోట కొంచెం సాగుతోంది. భయంగా ఉంది... కానీ, నమ్ముతారా, నా చేతుల వణుకు ఆగిపోయింది. పిట్ట వెనక పిట్ట. అరచేతిలో నిలబడటం, చీకట్లోకి తుర్రుమనడం. నాయన గొంతు, ఆ ఊఁ, ఈ రెక్కల చప్పుడు... మూడూ ఒక పాటలాగా కలిసిపోయాయి.

"తెల్లారకముందే ఊర్లోకొచ్చినారు. ఎద్దు నిలబడకూడదని ఎర్రప్ప గట్టిగా చెప్తా ఉండాడు. వీధంతా లేచి కిటికీల్లోంచి వింటా ఉండారు. ఇంటి ముందుకొచ్చి ఎర్రప్ప నోరు మూసినాడు. ఎద్దు నిలబడింది. పెండ్లాము తలుపు తీసింది. చేతిలో రోకలి. ఏమనింటాదో చెప్పండి?"

ఎవరూ ఊఁ అనలేదు. దడి అవతల కూడా.

"ఎందుకయ్యా నిలిపినావు! ఇంగో సుట్టు తిప్పుకోని రా, నేనింగా మొదుటి నుంచి వినలా, అనింది!"

అంత భయంలోనూ దేవకుమార్ పకపకా నవ్వాడు. వాడు నవ్వితే నేనూ నవ్వాను. సరిగ్గా అప్పుడే... గాలి ఆగిపోయింది. తగ్గడం కాదు. ఆగిపోవడం. తాటాకు ఒక్కటి కూడా గలగల అనలేదు. ఆ నిశ్శబ్దంలో, సరస్సు మధ్యలో ఎక్కడో, ఫ్లెమింగోలు అన్నీ ఒక్కసారిగా అరవడం మొదలుపెట్టాయి. కలకలమని... గలగలమని... వేలమంది పెండ్లిపందిట్లో ఒకే జోకుకు నవ్వినట్టు. రాత్రిపూట అవి అరుస్తాయి. నాకు తెలుసు. ఎన్నోసార్లు విన్నాను. కానీ అలా... సరిగ్గా ఆ మాట తర్వాత...

చివరి సంచి నా చేతిలో ఉంది. ముడి విప్పాను. చేయి లోపల పెట్టాను.

ఏమీ లేదు.

ఖాళీ సంచి. కానీ వెచ్చగా ఉంది. ఎవరో అప్పటిదాకా అందులో చేయి పెట్టుకుని కూర్చుని, ఇప్పుడే తీసినట్టు.

ఫ్లెమింగోలు సద్దుమణిగాయి. ఒక్కొక్కటిగా. చివరికి ఒక్క పిట్ట గొంతు కూడా లేదు. అప్పుడు... దడికి అవతల కాదు. ఇవతల. నా భుజం దగ్గర. మెల్లగా... సాగదీసి... అడుగుతున్నట్టు...

"ఊఁ...?"

తర్వాతేమైంది అని అడిగినట్టు!

నేను ముందు లేచానో, దేవకుమార్ లేచాడో తెలియదు. పరుగు. బకెట్ లేదు, సంచులు లేవు, ఒకటే పరుగు. తుమ్మముళ్ళు గుర్తు లేవు. వెనకనుంచి నాయన కూడా పంచె చేత్తో పట్టుకుని పరిగెత్తుతున్నాడు. పరిగెత్తుతూనే తల వెనక్కి తిప్పి అరిచాడు.

"ఐపోయిందప్పా కథ! ఇంగొకటి రేపు చెప్తాలే!"

పిట్టలాఫీసులోకి వచ్చి తలుపు వేసి, ముగ్గురం నేల మీద పడ్డాం. ఒకటే ఆయాసం. దేవకుమార్ ముందు నోరు తెరిచాడు. "పెదనాయనా... రేపు చెప్తా అని మాటెందుకిచ్చినారు?" అంతే. నవ్వు మొదలైంది. ఆగదు. కళ్ళనీళ్ళు కారేదాకా, పొట్ట నొప్పి పుట్టేదాకా నవ్వాం. నవ్వీ నవ్వీ ఆకలేస్తే చల్లారిన సంగటి మళ్ళీ తిన్నాం. దేవకుమార్ భయం పోవడానికి పాటలు అందుకున్నాడు. నాయన చెంబు మీద తాళం వేశాడు. మధ్యలో ఉన్నట్టుండి నాయన అన్నాడు.

"ఆ ఫ్యాక్టరీ ఆయనకి పొద్దున ఫోన్ చేస్తా పాపా. మా బిడ్డ రాదు, ఆడ పనుండాదని చెప్తా."

"నిజంగానా నాయనా?"

"నీ అరచేతిలోంచి అవి లేసిపోతా ఉంటే సూసినా గదా. ఇంగేం చెప్పేది?"

మర్నాడు ఆకాశం కడిగినట్టు ఉంది. కట్ట మీదికి వెళ్ళి చూశాం. గాలి తోసిన నీళ్ళు వెనక్కి మళ్ళుతూ రాత్రి కట్ట మీదంతా పారి దిగిపోయాయి. ఇసుక చదునుగా ఉంది. మా అడుగులే లేవు, ఇంకొకరివి ఎలా ఉంటాయి? జాలర్లను అడిగాం. పడవలు మధ్యాహ్నమే ఒడ్డుకు లాగేశామని, ఆ గాలికి ఎవరూ బయటికి రాలేదని చెప్పారు. ఒకాయన మాత్రం, "ఏం, పిట్టలు బతికినాయి గదా? మళ్ళా ఎవురని ఎందుకు?" అని వల బాగు చేసుకుంటూ ఉండిపోయాడు.

నేను ఊరుకోలేదు. నా దగ్గరున్న పక్షుల కూతలన్నీ వేసుకుని విన్నాను. చేపలు పట్టే పెద్ద గుడ్లగూబ ఒకటుంది, దాదాపు అలాగే మూలుగుతుంది. బురద కొంగల్లో ఒక రకం కూడా ఉంది. దగ్గరగా ఉన్నాయి. అవే అని మాత్రం అనలేను. అయినా గుడ్లగూబ ముడి వేస్తుందా? మా సార్ తిరుమల నుంచి లడ్డూలతో వచ్చి, సంగతి విని, వలలు బాగా కాపాడారని మెచ్చుకున్నారు. మేము కాదు సార్ అంటే, భయంలో చేసింది మీకు గుర్తుండదు అన్నారు. దేవకుమార్ అది దేవదూతే అంటాడు. నేను ఏమంటాను? తెలియదు అంటాను.

ఒక సంగతి చెప్పి ముగిస్తాను. మర్నాడు సాయంత్రం బస్సెక్కాల్సిన నాయన ఎక్కలేదు. పొద్దు గుంకే వేళకు తువ్వాలు భుజాన వేసుకుని, కట్ట వైపు బయల్దేరాడు.

"యాడికి నాయనా?"

"మాటిచ్చినా గదా."

మేమిద్దరం కూడా వెళ్ళాం. భయమే, కానీ ఆయన్ను ఒంటరిగా ఎలా పంపుతాం? దడి పక్కన ముగ్గురం కూర్చున్నాం. గాలి లేదు. నీళ్ళు అద్దంలాగా ఉన్నాయి. నాయన ఒక కొత్త కథ ఎత్తుకున్నాడు. ఒక మాట చెప్పి ఆగాడు. మేము ఊఁ అనలేదు. అనాలని అనిపించలేదు... ఆ చోటు ఎవరికో వదిలిపెట్టినట్టు ఊరుకున్నాం. ఏమీ రాలేదు. నాయన ఇంకో మాట చెప్పాడు. ఆగాడు. ఏమీ రాలేదు. ఊఁ కొట్టకపోతే కథ ఆపేసే మా నాయన, ఆ రోజు ఆపలేదు. ప్రతి మాటకూ అంత చోటు వదులుతూ, కథ చివరిదాకా చెప్పాడు.

చీకటి పడింది. నాయన లేచి పంచె దులుపుకున్నాడు. సరస్సు వైపు ఒకసారి చూశాడు.

"వినింటాదిలే," అన్నాడు. "పాండి, పోదాం."